ఇంగ్లిష్‌లో రాయాలంటే పెన్ను ఆగిపోతోందా?

విశాఖ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: సబ్జెక్టు వచ్చు, ఇంగ్లిష్‌లో కాగితం మీద పెట్టాలంటేనే గుండె దడ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. యూనివర్సిటీ విద్యార్థులకు ఇంగ్లిష్ రాత నేర్పేవారు, కౌన్సెలింగ్ చేసేవారు కూర్చుని ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: ఇంటర్ వరకు చోడవరంలో తెలుగు మీడియం. డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో ఎలాగో గట్టెక్కాను. ఇప్పుడు విశాఖలో ఎమ్మెస్సీ బోటనీ. ఇంట్లో చదివితే అన్నీ వస్తాయి. హాల్లో పేపరు చేతికి రాగానే వేళ్లు చల్లబడతాయి, మొదటి అరగంట తెల్లకాగితం చూస్తూ కూర్చుంటాను. జవాబులు మొత్తం బట్టీ పడతాను గానీ ఒక్క మాట మరిచిపోతే ఆ తర్వాతది అంతా పోతోంది. — డి.ఎల్., మద్దిలపాలెం

జవాబు: మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి. ఒకటి భయం. రెండోది ఆ భయానికి మేత వేస్తున్న బట్టీ. ముందు రెండోదాని సంగతి చూద్దాం, ఎందుకంటే అది తగ్గితే మొదటిది చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

పరాయి భాషలో వాక్యాలను యథాతథంగా బట్టీ పట్టినప్పుడు మనం గుర్తుపెట్టుకునేది విషయాన్ని కాదు, మాటల వరుసని. వరుసలో ఒక మాట జారితే తర్వాతి మాటకు దారి ఉండదు. తెలుగులో అయితే వేరే మాటతో నెట్టుకొస్తాం. ఇంగ్లిష్‌లో ఆ చనువు లేదు కాబట్టి అక్కడే ఆగిపోతాం. అందుకని వాక్యాలు కాదు, ఒక్కో ప్రశ్నకు ఆరేడు కీలక పదాల అస్థిపంజరం గుర్తుపెట్టుకోండి. ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియలో కాంతి చర్య అడిగారనుకోండి: థైలకాయిడ్, ఫొటోసిస్టమ్ 2, నీటి విచ్ఛేదన, ఎలక్ట్రాన్ల రవాణా, ఫొటోసిస్టమ్ 1, ఎన్‌ఏడీపీహెచ్, ఏటీపీ. జరిగే క్రమం కూడా దాదాపు ఇదే కాబట్టి ఒకటి గుర్తొస్తే తర్వాతది అడుగుతుంది. ఒక్కో పదానికి రెండేసి చిన్న వాక్యాలు రాస్తే పద్నాలుగు వాక్యాలు, దాని పక్కన ఒక బొమ్మ. జవాబు వచ్చేసినట్టే. ఇంటి దగ్గర సాధన కూడా ఇలాగే చెయ్యాలి: పుస్తకం మూసి, ఫోన్‌లో 8 నిమిషాలు పెట్టుకుని, పదాల నుంచి వాక్యాలు కట్టండి. ప్రతిసారీ వాక్యాలు వేరుగా వస్తే సాధన సరిగ్గా సాగుతున్నట్టు. అచ్చు గుద్దినట్టు అవే వస్తుంటే మళ్లీ బట్టీలో పడ్డారని అర్థం.

ఇక భయం. రెండో భాషలో రాసేటప్పుడు కలిగే ఆందోళనను కొలవడానికి తైవాన్ పరిశోధకురాలు చెంగ్ 2004లో 22 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఆందోళన మూడు పాయలు: ఒళ్లు చెప్పేది (దడ, చెమట, వణుకు), మనసు చెప్పేది (చదివేవాళ్లు నవ్వుతారేమో, మార్కులు పోతాయేమో), మూడోది తప్పించుకోవడం. మీది మొదటి రకం ఎక్కువ. దీనికి పరీక్ష గేటు దగ్గర తాగే రెండో టీ పనికిరాదు. కెఫీన్ గుండె వేగం పెంచుతుంది, దాన్ని మనం భయమే అనుకుంటాం. ఊపిరి నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అయిదారుసార్లు చాలు. వదలడం నెమ్మదిగా ఉంటేనే పనిచేస్తుంది. గట్టిగా పీల్చేసి గబగబా వదిలితే తల తిరగడం ఒక్కటే మిగులుతుంది.

మనసు రొదకు ఇంకో ఉపాయం ఉంది. హాల్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు, మీకేం భయంగా ఉందో తెలుగులోనే ఒక కాగితం మీద రాసేసి చింపేయండి. షికాగో యూనివర్సిటీలో రామిరెజ్, బైలాక్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలా రాసినవాళ్లు, ముఖ్యంగా ఎప్పుడూ పరీక్ష భయం ఉండేవాళ్లు, రాయనివాళ్లకంటే బాగా చేశారు. రాసి పారేసిన దిగులు జవాబు రాసేటప్పుడు బుర్రలో చోటు అడగదన్నది దాని వెనకున్న వాదన.

హాల్లో లెక్క ఇదీ. మూడు గంటల పేపరు, అయిదు పెద్ద ప్రశ్నలు అనుకుందాం. మొదటి 8 నిమిషాలు ప్రశ్నలన్నీ చదివి, బుక్‌లెట్ చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక్కోదానికి అస్థిపంజరం. తర్వాత ప్రశ్నకు 32 నిమిషాల చొప్పున 160. చివర 12 నిమిషాలు మిగులుతాయి. మొదట రాయాల్సింది బాగా వచ్చిన ప్రశ్న అని అందరూ చెబుతారు. మేమైతే బొమ్మ ఉన్న ప్రశ్న అంటాం. బొమ్మ గీస్తుంటే చెయ్యి కదులుతుంది, భాష అక్కర్లేదు, భాగాల పేర్లు రాసేసరికి మొదటి వాక్యాలకు కావలసిన పదాలు కాగితం మీదే ఉంటాయి.

ప్రశ్న: ఎంబీఏ రెండో ఏడాది. ప్రాజెక్టు కోసం గాజువాకలో కిరాణా షాపుల సర్వే చేశాను. రిపోర్టు ఎంత రాసినా గైడు 'తెలుగులో ఆలోచించడం మానెయ్' అంటున్నారు. అదెలా మానడం? — కె.ఆర్., కూర్మన్నపాలెం

జవాబు: మానక్కర్లేదు. మానమన్నా మానలేరు. ఆలోచన తెలుగులో రావడం తప్పు కాదు, తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి మోయడం దగ్గర తేడా కొడుతోంది. కొబయాషి, రినర్ట్ 1992లో జపాన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలో, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లకు ముందు సొంత భాషలో రాసుకుని తర్వాత మార్చుకోవడమే లాభించింది. బాగా వచ్చినవాళ్లకు ఆ లాభం పెద్దగా లేదు. కాబట్టి ఇది మెట్టు, ఇక్కడ సిగ్గుపడాల్సిందేం లేదు.

మీరు పంపిన పేజీలో ఒక వాక్యం తీసుకుందాం. దాని అసలు తెలుగు ఇలా ఉండి ఉంటుంది: 'గాజువాకలో షాపులకు వెళ్లి, ఓనర్లను అడిగి, వాళ్లు చెప్పినవి పట్టికలో వేసి, సగటు తీసి చూస్తే అమ్మకాలు తగ్గాయని తేలింది.' తెలుగులో చక్కటి వాక్యం. వెళ్లి, అడిగి, వేసి, తీసి అని ఎన్ని క్రియలైనా గుచ్చుకుంటూ పోవచ్చు, ఎవరు చేశారో చెప్పకపోయినా తెలుస్తుంది. ఇంగ్లిష్ వాక్యం ఈ రెండూ ఒప్పుకోదు. మీరు దాన్ని 'ఆఫ్టర్ గోయింగ్, ఆస్కింగ్, పుటింగ్' అని మూడు పంక్తులు సాగదీశారు. చివరికి చేసినవాళ్లే కనబడలేదు.

ఇలా చెయ్యండి. తెలుగు వాక్యంలో క్రియ కనబడ్డ ప్రతిచోటా నిలువు గీత గీయండి. ప్రతి ముక్కకూ 'ఎవరు?' అని వేసుకోండి. 'ఎప్పుడు?' అన్నది కూడా. అప్పుడు రాయండి: 'వియ్ విజిటెడ్ 40 షాప్స్ ఇన్ గాజువాక. వియ్ ఆస్క్‌డ్ ఈచ్ ఓనర్ అబౌట్ మంత్లీ సేల్స్. టేబుల్ 2 షోస్ ది యావరేజెస్. సేల్స్ ఫెల్ ఇన్ 26 షాప్స్.' (అంకెలు మావి, మీవి వేసుకోండి.) ఇవి పిల్లల వాక్యాల్లా లేవూ అని మీకు అనిపిస్తుంది. రిపోర్టులో అదే మర్యాద. ఒక్కో వాక్యం 20 పదాలు దాటకుండా చూసుకోండి. దాటితే ఎక్కడో రెండు వాక్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయని లెక్క.

తెలుగు నుంచి వచ్చే ఇంకో జారుడు: 'రోజూ ఆరింటికి షాపు తెరుస్తాడు', 'రేపు ఆరింటికి తెరుస్తాడు' రెండింటికీ మనకు ఒకటే క్రియారూపం. అందుకే అలవాటు చెప్పేచోట కూడా 'విల్' పడిపోతుంది. మీ పదో పేజీలో ఉన్న 'విల్'లలో చాలావాటికి అక్కడ పనిలేదు.

రిపోర్టును పీఠికతో మొదలుపెట్టకండి. అన్ని అధ్యాయాల్లో కష్టమైనది అదే. ముందు సర్వే ఎలా చేశారో చెప్పే అధ్యాయం రాయండి. అంతా జరిగిపోయిన పని, మీకు తెలిసిన వివరాలు, వాక్యాల నిర్మాణం కూడా మళ్లీ మళ్లీ అదే. తర్వాత పట్టికలు, వాటి కింద వివరణ. ఆ తర్వాత పీఠిక, చిట్టచివర సారాంశం. రోజుకు 25 నిమిషాలు, 200 పదాలు. ఆ 25 నిమిషాల్లో వెనక్కి వెళ్లి దిద్దడం నిషేధం. ఇంగ్లిష్ మాట తట్టకపోతే తెలుగు మాటే రాసి చుట్టూ సున్నా చుట్టండి. డిక్షనరీ తెరిచారంటే ఫోన్ తెరిచినట్టే, ఫోన్ తెరిస్తే ఆ 25 నిమిషాలు ఏమవుతాయో మీకు తెలుసు.

ప్రశ్న: ముందు గ్రామర్ పుస్తకం మొత్తం పూర్తిచేసి ఆ తర్వాత రాయడం మొదలుపెడితే ధైర్యం వస్తుందా? 'ఎ', 'ది' ఎక్కడ వాడాలో ఇప్పటికీ తెలియడం లేదు. — ఎస్.వి., ఎంవీపీ కాలనీ

జవాబు: రాదు. మరో పుస్తకం కొనాలనిపిస్తుందంతే. మీ పాత అసైన్‌మెంట్లు మూడు తీసి ఎర్రగీతలు లెక్కపెట్టండి. వందల తప్పుల్లా కనబడేవి నాలుగైదు రకాలుగా తేలతాయి. వాటిలో ఎక్కువసార్లు వచ్చే మూడింటినే ఈ సెమిస్టర్‌లో పట్టించుకోండి. దిద్దేటప్పుడు ఒక్కో రకానికి ఒక్కోసారి చొప్పున కాగితాన్ని మూడుసార్లు చదవాలి. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ దొరకదు. 'ఎ', 'ది' లాంటివి తెలుగులో లేవు కాబట్టి అవి అన్నిటికంటే ఆలస్యంగా అలవడతాయి. వాటి తప్పుల వల్ల అర్థం చెడిపోయేది చాలా అరుదు. లెక్కపెట్టగల వస్తువు మొదటిసారి వస్తే 'ఎ', అదే మళ్లీ వస్తే 'ది': ప్రస్తుతానికి ఇంతవరకే చాలు.

ప్రశ్న: పీహెచ్‌డీ మూడో ఏడాది. రెండో అధ్యాయం ఇస్తే గైడుగారు ప్రతి పేజీ ఎర్రగా చేసి ఇచ్చారు. రెండు నెలలైంది, ఆ ఫైలు తెరవలేకపోతున్నాను. నా ఇంగ్లిష్ బాగుండదని పుస్తకాల్లో వాక్యాలనే కొంచెం మార్చి పెట్టాను. సిమిలారిటీ (వేరేవాళ్ల రాతతో కలిసే శాతం) ఎక్కువొస్తుందని ఇప్పుడు అదో భయం. — పేరు వద్దన్నారు, సీతమ్మధార

జవాబు: ఫైలు తెరవకపోవడం బద్ధకం కాదు. పైన చెప్పిన మూడో రకం ఆందోళన, తప్పించుకోవడం. తెరవని ప్రతిరోజూ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, మర్నాడు ఇంకాస్త కష్టమవుతుంది. అందుకే మొదటి రోజు పని మరీ చిన్నదిగా ఉండాలి: ఫైలు తెరిచి, గైడు రాసిన వ్యాఖ్యలన్నీ వేరే కాగితం మీద ఎక్కించండి. ఒక్కటీ దిద్దొద్దు. ఆ కాగితం మీద మూడు గడులు గీసుకోండి: వ్యాఖ్య, అది ఏ రకం, నేనేం చేశాను. రకాలు మూడే: వాదన, క్రమం, భాష. పేజీ ఎర్రబడేది ఎక్కువగా భాష వల్లే, అధ్యాయం తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా వాదన వల్ల. భాష వ్యాఖ్యలను చివరికి వదిలేయండి. వాదన మారితే ఆ పేరాలే ఎగిరిపోవచ్చు, ఎగిరిపోయే పేరాలో కామాలు దిద్దడం దేనికి?

ఈసారి అరవై పేజీలు ఒక్కసారి ఇవ్వకండి. అయిదు పేజీలు ఇచ్చి, 'సార్, ఈ విడత వాదన వరకు చూడండి, భాష తర్వాత దిద్దుకుంటాను' అని అడగండి. చాలామంది గైడులు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్లకూ పని తగ్గుతుంది.

సిమిలారిటీ విషయంలో యూజీసీ 2018 నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. 10 శాతం వరకు చర్య లేదు. 10 నుంచి 40 లోపు అయితే గరిష్ఠంగా ఆరు నెలల్లో దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరైన ఆధారం చూపి ఉటంకించినవి, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాల వంటివి ఈ లెక్కలోకి రావు.

'కొంచెం మార్చి పెట్టడం' దగ్గరే మీరు దెబ్బతింటారు. వాక్యం ఒడుపు అలాగే ఉంచి, పదాలకు బదులు పర్యాయపదాలు పెడితే సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు పట్టుకోకపోవచ్చు, మనిషి పట్టుకుంటాడు. పైగా వాక్యం అర్థం చెడుతుంది. ఇలా చెయ్యండి: పేరా రెండుసార్లు చదవండి. పుస్తకం మూయండి. అందులో ఏముందో తెలుగులో రెండు వాక్యాలు రాయండి, ఇంట్లో తమ్ముడికి చెబుతున్నట్టు. పుస్తకం చూడకుండా ఆ తెలుగు నుంచి ఇంగ్లిష్ రాయండి. అప్పుడు పుస్తకం తెరిచి వాస్తవం తప్పిందేమో చూసి, పేజీ నంబరు వెంటనే వేయండి. మధ్యలో తెలుగు మెట్టు ఉంది కాబట్టి మూలంలోని వాక్యం మీ చేతికి అంటుకోదు. మన రెండు భాషల వల్ల ఒరిగే లాభాల్లో ఇదొకటి.

వాక్యాల కోసం దిగులొద్దు. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు దొరికే వెబ్‌సైట్ శోధ్‌గంగలో మీ సబ్జెక్టు సిద్ధాంత గ్రంథాలు రెండు మూడు తెరిచి, విషయం వదిలేసి, ప్రతి విభాగం మొదటి వాక్యం ఎలా ఎత్తుకున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. 'పట్టిక 3 చూపుతున్నట్టు', 'ఈ ఫలితం ఫలానావారి ఫలితంతో ఏకీభవిస్తోంది' లాంటి కట్టుబడి మాటలు ఎవరి సొత్తూ కావు.

ప్రశ్న: ఏఐకి ఇచ్చి రాయించుకుంటే తప్పులే ఉండవు కదా, ఇంకా ఈ తంటాలెందుకు? — ఎన్.టి., రుషికొండ

జవాబు: భాషలో తప్పులుండకపోవచ్చు, వైవాలో (నోటి పరీక్షలో) మీ నోట మాట కూడా ఉండదు. మీరు చదవని గ్రంథాలను, అసలు లేని గ్రంథాలను కూడా అది సూచికలో పెట్టేస్తుంది. అంతకుమించిన నష్టం ఇంకోటి: దాని నున్నటి పేరా పక్కన మీ వాక్యం చూసుకుంటే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది. వాడాలనుకుంటే ముందు మీ కాలేజీ నియమం కనుక్కోండి. తర్వాత మొత్తం మీరే రాసి, 'ఈ పేరాలో క్రియల కాలం తప్పులు మాత్రం చూపించు, తిరగరాయొద్దు' అని అడగండి. చూపించినవి మీ చేత్తో దిద్దండి. 'మెరుగుపరచు' అన్న మాట మాత్రం వాడకండి.

ప్రశ్న: మా అబ్బాయి పాడేరు హాస్టల్‌లో చదువుకుని, విశాఖలో డిగ్రీలో చేరాడు. రికార్డు ఇవ్వాల్సిన రోజు కడుపునొప్పి అంటాడు. క్లాసులో ఎవరో నవ్వారట. నెల నుంచి సరిగా తినడు. మేం చదువుకోలేదు, ఏం చెప్పాలో తెలియడం లేదు. — ఒక తండ్రి, అరకు

జవాబు: అయ్యా, ఆ కడుపునొప్పి నాటకం అనుకోవద్దు. భయానికి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. 'మీ పెద్దనాన్న కొడుకు చూడు, ఇంగ్లిష్ ఎలా మాట్లాడతాడో' అనే పోలిక ఇంట్లో ఎవరూ తేకూడదు. రికార్డు సగమే అయినా ఆ రోజు వెళ్లి ఇచ్చి రమ్మనండి. తిట్టు పడుతుందేమో, పడనివ్వండి. ఇచ్చి వచ్చాక భయం కొంత దిగుతుంది, ఎగ్గొడితే పెరుగుతుంది. అయితే తిండి తగ్గి నెలైందంటున్నారు. నిద్ర కూడా చెడిందా, ఎవరితోనూ మాట్లాడడం లేదా అని గమనించండి. ఇలాంటివి రెండు వారాలు దాటితే ఇంగ్లిష్ గొడవ పక్కనపెట్టి వైద్యుడికి చూపించాల్సిందే, మీవాడికి ఇప్పటికే నెలైంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అబ్బాయి చెయ్యనంటే మీరే చేసి అడగండి. చచ్చిపోవాలని ఉందన్న మాట నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. క్లాసులో 60 మంది. అసైన్‌మెంట్లలో ప్రతి తప్పూ దిద్దుతాను. తర్వాతి నెల అవే తప్పులు. పిల్లలు ఇంకా తక్కువ రాస్తున్నారు. — టి.ఎస్., అనకాపల్లి

జవాబు: తక్కువ రాస్తే తక్కువ తప్పులొస్తాయని వాళ్లు కనిపెట్టారు, మేడమ్. వ్యాకరణం దిద్దడం వల్ల ఉపయోగమే లేదని భాషా పరిశోధకుడు ట్రస్కాట్ 1996లో వాదిస్తే, దిద్దే పద్ధతిని బట్టి ఉంటుందని మరో పరిశోధకురాలు ఫెర్రిస్ 1999లో జవాబిచ్చారు. ఆ వాదులాట ఇంకా పూర్తిగా తేలలేదు. మీ లెక్క మాత్రం తేలిగ్గా తేలుతుంది: కాగితానికి 10 నిమిషాలైతే 60 మందికి పది గంటలు. మూడు నిమిషాలైతే మూడు గంటలు. ఆ మూడు నిమిషాల్లో ముందు విషయం మీద ఒక వాక్యం రాయండి, 'బాగుంది' అని కాదు, ఏది బాగుందో. తర్వాత ముందే ప్రకటించిన రెండు రకాల తప్పులకే గీత గీయండి, ఒప్పు రాసివ్వకండి, వాళ్లనే దిద్దమనండి. మిగతావి కళ్లబడ్డా వదిలేయాలి. మొదటి నెల ఇదే కష్టం.

పది మార్కులుంటే ఒక్కసారి వేయకండి. అస్థిపంజరానికి రెండు, చిత్తుప్రతికి మూడు, దిద్దిన ప్రతికి అయిదు. దిద్దుకోవడానికే సగం మార్కులున్నాయని తెలిస్తే చిత్తుప్రతిలో తప్పు రాయడానికి భయపడరు. వారానికోసారి క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు మార్కుల్లేని రాత పెట్టండి, మీరు తీసుకోకుండా వాళ్ల దగ్గరే ఉంచండి. బృంద చర్చ తెలుగులో సాగనివ్వండి, రాత ఇంగ్లిష్‌లో ఉంటే చాలు.

తప్పు వాక్యాలు పైకి చదివి నవ్వించడం ఉంటే ఇవాళే ఆపండి. ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పిన మనస్తత్వవేత్త బండూరా నాలుగు మూలాలు చూపించారు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాడు నెగ్గడం చూడడం, నమ్మదగినవాళ్ల మాట, ఒంటి స్థితి. రెండోదాన్ని మన కాలేజీలు దాదాపు వాడుకోవు. బోర్డు మీద పెట్టేది ఎప్పుడూ ఫస్ట్ వచ్చిన అమ్మాయి జవాబే. దాన్ని చూసి వెనక బెంచీవాళ్లు నేర్చుకునేది తమవల్ల కాదనే. అయిదు మార్కుల నుంచి ఏడుకు వచ్చిన విద్యార్థిని అడిగి, ఒప్పుకుంటే, చిత్తుప్రతి, దిద్దిన ప్రతి పక్కపక్కన పేరు లేకుండా చూపించండి. ఎక్కడెక్కడ ఏం మారిందో క్లాసుతోనే చెప్పించండి. దీనికి ఇరవై నిమిషాలు చాలు. వచ్చే అసైన్‌మెంట్ గడువుకు వారం ముందు పెట్టుకుంటే, చూసింది చూసినట్టు వాడుకునే వీలుంటుంది.